పురిజంట తీగ - ఈథర్నెట్ చరిత్రము



నేటి నా ప్రసంగమునకు విషయమైనది గోడలలో దాగియుండు ఒక చిన్న తీగ. బ్యాంకులలోను, ఆసుపత్రులలోను, రైలు టిక్కెట్టు లిచ్చు గదులలోను కంప్యూటరు వెనుకనుండి సన్నని త్రాడొకటి బయలుదేరి గోడలోనికి పోవుట మీరందరును చూచియే యుందురు. దాని పైతొడుగును ఒలిచి చూచినచో లోపల ఎనిమిది రాగితీగలు కనబడును. అవి విడివిడిగా నుండవు. రెండేసి చొప్పున నాలుగు జంటలై, ప్రతి జంటయు నులకత్రాటివలె పురిపెట్టబడి యుండును. పాశ్చాత్యులు దీనిని ట్విస్టెడ్ పెయిర్ అందురు. త్రాడు పేనువారి మాటను తీసికొని నేను దీనిని పురిజంట యని పిలిచెదను. ఈ పురిజంట వెంట కంప్యూటర్లు ఒకదానితో నొకటి మాటాడు పద్ధతికి ఈథర్నెట్ అని పేరు.

ఈ తీగ దృఢమైనది కాదు. వెలగలది యంతకన్న కాదు. ఈథర్నెట్ పుట్టినప్పుడు దీనిని ఎవరును తలపెట్టనైన లేదు. దీనికంటె లావైనదియు, రొద సోకనిదియు నగు మరియొక తీగ ఆనాడు రాజ్యమేలుచుండెను. అట్టి దానిని తొలగించి ఈ బక్కతీగ లోకమంతటను నెట్లు వ్యాపించెను? ఈ ప్రశ్నకు సమాధానమే నేటి ప్రసంగము. ఆ విజయమునకు కారణములు రెండు: ఒకటి తీగలోని పురి, రెండవది మనుష్యులలోని యొడంబడిక. ఈ రెంటిలో నేది సడలినను తీగ పనికిమాలిన దగును.

మొదట పురి సంగతి. 1876 వ సంవత్సరమున అలెగ్జాండర్ గ్రహాం బెల్ టెలిఫోనునకు పేటెంటు పొందెను. అప్పటికే టెలిగ్రాఫు తీగలు దేశదేశములందు వ్యాపించి యుండెను. టెలిగ్రాఫునకు స్తంభములపై ఒక్క ఇనుపతీగ చాలెడిది. విద్యుత్ప్రవాహము తీగ వెంట పోయి భూమి మార్గమున మరలివచ్చెడిది. తొలినాటి టెలిఫోనువారును ఖర్చు తగ్గునని ఆ పద్ధతినే పట్టిరి. కాని టెలిగ్రాఫు మోతకు ఓర్చిన తీగ మనుష్యుని కంఠస్వరమునకు చాలినది కాదు. ప్రక్క తీగలోని టెలిగ్రాఫు టకటకలు సంభాషణలోనికి చొరబడెడివి. ఒకరి మాట లొకరికి వినబడెడివి. 1888 లో అమెరికాలోని రిచ్‌మండ్ నగరమున విద్యుత్తుతో నడచు ట్రాము బండ్లు జయప్రదముగా తిరుగనారంభించినవి. అటువంటి బండ్లు ఊరూరను బయలుదేరిన పిమ్మట భూమినే మరలుదారిగా గొన్న టెలిఫోనులలో రొద భరింపరానిదయ్యెను.

దీనికి విరుగుడు బెల్ ముందుగనే చెప్పియుండెను. పోవుట కొక తీగయు, వచ్చుట కొక తీగయు నుంచి, ఆ రెంటిని ఒకదాని చుట్టు నొకటి పెనవేయవలయునని 1881 లో ఆయన పొందిన మరియొక పేటెంటులో కలదు. స్తంభములపై విడిగా లాగిన తీగలను పెనవేయుట సాధ్యము కాదు గనుక, అచ్చట కొన్ని స్తంభముల కొకసారి ఎడమ తీగను కుడికిని, కుడి తీగను ఎడమకును మార్చుచు వచ్చిరి. భూమిలో పూడ్చు కేబుళ్లలో మాత్రము పురియే నిలిచినది.

పురివలన రొద యేల తగ్గును? తీగ చెంత అయస్కాంత ప్రభావము మారుచుండగా ఆ తీగలో విద్యుత్తు పుట్టునని మైకేల్ ఫారడే 1831 లో కనుగొనెను. ప్రక్కనున్న మోటారుగాని, దీపపు తీగగాని, పొరుగు టెలిఫోనుగాని మన తీగలో అట్లే అక్కరలేని విద్యుత్తును పుట్టించును. ఇప్పుడు రెండు తీగలను పెనవేసితి మనుకొనుడు. ఒక మెలికలో ఎడమతీగ రొదకు దగ్గరగా నుండిన, మరుసటి మెలికలో కుడితీగ దగ్గరగా నుండును. ఈ విధముగా రెండు తీగలును రొదను సమముగా పంచుకొనును. పంపు యంత్రము ఒక తీగలో ధనముగాను, రెండవ తీగలో ఋణముగాను సంకేతమును పంపును. అందుకొను యంత్రము రెండు తీగలకును గల భేదమును మాత్రమే గ్రహించును. త్రాసు సిబ్బెలు రెంటిలోను సమముగా ధూళి పడినచో ముల్లు కదలదు గదా! సరకు ఒక సిబ్బెలో నున్నప్పుడే ముల్లు కదలును. అట్లే సమముగా పడిన రొద లెక్కకు రాదు; భేదముగా పంపిన సంకేతము మాత్రము తెలియును. తీగ రొదను ఆపుట లేదు. దానిని రెంటికిని సమముగా పంచి నిష్ఫలము చేయుచున్నది.

ఇందులో మరియొక సూక్ష్మము కలదు. ఒకే తొడుగులోని నాలుగు జంటలకును పురి యొకే తీరున నుండరాదు. మెలికలన్నియు సమానముగా నున్నచో ఒక జంటలోని మెలికకు పొరుగు జంటలోని మెలిక ఎల్లప్పుడును ఒకే విధముగా నెదురై, ఒకరి మాట యొకరిలోనికి దిగును. కావున తయారుచేయువారు ఒక్కొక్క జంటకు ఒక్కొక్క కొలతతో పురి పెట్టుదురు.

ఇక ఈథర్నెట్ సంగతికి వత్తము. ఈ పేరు వినగానే మన పండితులకు ఆకాశము స్ఫురించును. మన తార్కికులు ఆకాశమునకు శబ్దమును గుణముగా జెప్పిరి. పాశ్చాత్య శాస్త్రజ్ఞులును వెలుతురు వ్యాపించుటకు అంతటను నిండిన ఈథర్ అను నొక ద్రవ్యమున్నదని చిరకాలము నమ్మియుండిరి. 1887 లో మైకెల్సన్, మోర్లీ యను నిరువురు చేసిన పరీక్షలో దాని జాడ కనబడలేదు. 1905 లో ఐన్‌స్టయిన్ దాని యవసరమే లేదనెను. శాస్త్రము విడిచిన ఆ పేరును కాలిఫోర్నియాలోని పాలో ఆల్టో నగరమున, జిరాక్సు కంపెనీవారి పరిశోధనశాలలో పనిచేయుచున్న రాబర్ట్ మెట్‌కాఫ్ తన క్రొత్త పద్ధతికి పెట్టెను. ఆయన దానిని వివరించుచు తన సహచరులకు వ్రాసిన పత్రమునకు తేదీ 1973 మే 22. డేవిడ్ బాగ్స్ ఆయనకు సహాయుడు. వారి తొలి యంత్రములు సెకనుకు 29 లక్షల 40 వేల బిట్ల వేగముతో పనిచేసెను.

ఆ పద్ధతికి మూలము హవాయి దీవుల విశ్వవిద్యాలయమున నార్మన్ అబ్రామ్సన్ మొదలగువారు రేడియో తరంగములపై నడపిన అలోహా యను ఏర్పాటు. మెట్‌కాఫ్ దానికి మెరుగు పెట్టెను. అధ్యక్షుడు లేని సభలో మర్యాదస్థు లెట్లు మాటాడుదురో అదియే దీని నియమము. ఎవరైన మాటాడుచున్నారేమో యని ముందు వినవలయును. నిశ్శబ్దముగా నున్నప్పుడే నోరు విప్పవలయును. ఇద్దరొక్కసారి మాటాడినచో ఇద్దరును మానుకొని, ఒక్కొక్కరు ఒక్కొక్క కొలదికాలము ఆగి, మరల యత్నింపవలయును. అందరికిని సమానమైన ఆకాశముగా ఒక తీగ నడుమ నుండును. అందుచేతనే ఈథర్నెట్ అను పేరు.

1980 లో డిజిటల్, ఇంటెల్, జిరాక్సు అను మూడు కంపెనీలు కలిసి ఈ పద్ధతికి సెకనుకు కోటి బిట్ల వేగము నిర్ణయించి బహిరంగముగా ప్రకటించినవి. అమెరికాలోని ఐ.ఇ.ఇ.ఇ. అను విద్యుచ్ఛాస్త్రజ్ఞుల సంస్థ యదే సంవత్సరమున 802 అను సంఘమును ఏర్పరచి, 1983 లో ఈథర్నెట్‌ను 802.3 అను సంఖ్యతో ప్రమాణముగా నంగీకరించెను. వ్రాసికొన్నవారు వా రొక్కరే యైనను, చదివి చేయుటకు అందరికిని అధికారము కలిగెను. ఇది సామాన్యమైన సంగతి కాదు. ఒక కంపెనీ చేసిన యంత్రముతో మరియొక కంపెనీ చేసిన యంత్రము మాటాడుట యనునది ఆ రోజులలో అరుదు.

ఆ తొలి ప్రమాణమునకు తగిన తీగ యేది? సుమారు చిటికెనవ్రేలి లావున నుండు ఏకాక్ష కేబుల్. నడుమ నొక రాగికడ్డి, దాని చుట్టు నిరోధకము, ఆపైన లోహపు అల్లిక, అంతకు పైన తొడుగు. ఒక్క తునక అయిదువందల మీటర్ల వరకు పోవచ్చును. రెండున్నర మీటర్ల కొక గురుతు వేయబడి యుండును. ఆ గురుతుల యొద్దనే కేబులును గ్రుచ్చి కంప్యూటర్లను తగిలింపవలయును. ఒక తునకకు నూటికి మించి తగిలింపరాదు. తీగ బలమైనదే, రొద సోకనిదే. కాని అది మొండిది. మూలల యొద్ద వంగదు. ఎక్కడో యొక కొన యూడినను, నడుమ నొకచోట తెగినను, ఆ తునకపై నున్న యంత్రము లన్నియు నొక్కుమ్మడిగా మూగవోవును. తప్పు నూరింటిలో నెచ్చట నున్నదో వెదకుట మహాప్రయాస. తరువాత వచ్చిన సన్నని ఏకాక్ష కేబుల్ 185 మీటర్లు పోయెడిది. వెల తగ్గెనుగాని యీ దోషము మాత్రము తొలగలేదు.

అప్పుడు కొందరి దృష్టి గోడలలో నంతకుముందే యున్న టెలిఫోను తీగపై బడెను. అమెరికాలోని కార్యాలయ భవనములలో ప్రతి బల్ల యొద్దకును పురిజంటలు వచ్చియుండెను. అన్నియు నొక గదిలో కూడెడివి. ఆ తీగలలో కంప్యూటరు మాట పోవునేని క్రొత్త కేబులు లాగు పనియే లేదు. శాస్త్రజ్ఞులలో పెక్కురు సందేహించిరి. మాటలకై వేసిన ఆ బక్కతీగలు సెకనుకు కోటి బిట్ల నెట్లు మోయగలవని వారి ప్రశ్న. మొదట స్టార్‌లాన్ అను పేర పదిలక్షల బిట్ల వేగముతో టెలిఫోను తీగపై ఒక పద్ధతి బయలుదేరి, 1987 నాటికి ప్రమాణమయ్యెను. ఆ వేగము చాలదని కొనువారు పెదవి విరిచిరి. ఇంతలో జిరాక్సు పరిశోధనశాలనుండి బయటకు వచ్చినవారు 1985 లో సినాప్టిక్స్ అను కంపెనీ స్థాపించి, కోటి బిట్ల వేగమును పురిజంటపై నడపి చూపిరి. తరువాత పలువురి వాదప్రతివాదములు జరిగి, 1990 లో 802.3ఐ అను ప్రమాణము వెలువడెను. దాని వాడుకపేరు టెన్ బేస్ టి. టి యనగా ట్విస్టెడ్, పురిపెట్టినది. పంపుట కొక జంట, అందుకొనుట కొక జంట. దూరము నూరు మీటర్లు.

వ్యాకరణము చదివినవారికి ఇందొక పరిచితమైన క్రమము కనబడును. లక్ష్యము ముందు, లక్షణము వెనుక. ప్రయోగము లోకములో నడచిన పిమ్మట వ్యాకర్త సూత్రము వ్రాయును. టెన్ బేస్ టి యిట్టిదే. గోడలోని తీగ యెట్లున్నదో అట్లే గ్రహించి, దానికి సరిపడునట్లు సూత్రము వ్రాసిరి.

దీనితో కట్టడపు ఆకారమే మారెను. పూర్వము ఒకే త్రాటికి గ్రుచ్చిన పూసలవలె నుండిన యంత్రములు ఇప్పుడు బండిచక్రపు కుండలో ఆకులు కూడినట్లు నడుమ నొక పెట్టెలో కూడినవి. ఒక తీగ తెగినచో ఆ యొక్క యంత్రమే మూగవోవును. తక్కినవి సుఖముగా నుండును. ఏ తీగ చెడినదో పెట్టెపై నున్న చిన్న దీపమే చెప్పును. భారతదేశమునుండి వెళ్లిన వినోద్ భరద్వాజ్ స్థాపకులలో నొకడుగా నున్న కల్పన యను కాలిఫోర్నియా కంపెనీ 1990 లో ఈథర్నెట్ స్విచ్చి నమ్మకమునకు తెచ్చెను. ఒకరికి చెప్పిన మాట అందరికిని వినబడకుండ, ఆ మాట యెవరిదో వారి తీగలోనికే పంపునట్టి పెట్టె యది. మన మాటనే పేరుగా దాల్చిన ఆ కంపెనీని 1994 లో సిస్కో కంపెనీ కొనెను. ప్రతి యంత్రమునకును తనదైన తీగ యున్నందుననే స్విచ్చి యంతగా ఫలించినది.

ఇక రెండవ కారణమైన యొడంబడిక. 1984 జనవరి 1 వ తేదీన అమెరికా టెలిఫోను మహాసంస్థయగు ఏ.టి.అండ్‌.టి. చట్టరీత్యా విభజింపబడెను. అంతవరకు భవనములలోని తీగలను కంపెనీయే వేసి కంపెనీయే చూచుకొనెడిది. ఇక నవి భవనపు యజమానుల పాలబడెను. ఎట్టి తీగ కొనవలయును, ఎంత పొడవున వేయవలయును, ఏ విధముగా తగిలింపవలయును? చెప్పు దిక్కు లేదు. ఒక్కొక్క కంప్యూటరు కంపెనీ తన యంత్రములకు తన తీగయే కావలెననెడిది. యంత్రము మార్చినప్పుడెల్ల గోడలు పగులగొట్టవలసి వచ్చెడిది. 1985 లో పరిశ్రమవారు ఎలక్ట్రానిక్ పరిశ్రమల సంఘమును ఒక ప్రమాణము వ్రాయుమని కోరిరి. ఆరేండ్ల కృషి ఫలితముగా 1991 జూలైలో ఇ.ఐ.ఏ./టి.ఐ.ఏ. 568 అను ప్రమాణము వెలువడెను.

అందలి ముఖ్యమైన విధులు వినుడు. గోడలో స్థిరముగా వేయు తీగ తొంబది మీటర్లకు మించరాదు. రెండు కొనలను తగిలించు చిన్న త్రాళ్లకు పది మీటర్లు. మొత్తము నూరు. తీగయొక్క విద్యుదవరోధ స్వభావము నూరు ఓములు. ఆ తొలి ప్రమాణము కవచము గల తీగకును, ఏకాక్ష కేబులునకును గూడ చోటిచ్చెను. కాలమే వానిని వెనుకకు నెట్టెను. అదే సంవత్సరము నవంబరులో వెలువడిన అనుబంధము తీగలకు తరగతులను స్థిరపరచెను. వీనినే కేటగిరీ లందురు. మూడవ తరగతి 16 మెగాహెర్ట్‌జ్ వరకు, నాల్గవది 20 వరకు, అయిదవది 100 వరకు సంకేతములను చెడకుండ మోయవలయును. తరగతి పెరిగినకొలది పురి బిగువుగాను, నిర్దుష్టముగాను ఉండవలసి యుండును.

ఇచ్చట క్రమము తలక్రిందైనది. అయిదవ తరగతి తీగ నిర్ణయింపబడినప్పుడు ఈథర్నెట్‌లో అంత వేగమే లేదు. సెకనుకు పది కోట్ల బిట్ల ఈథర్నెట్ ప్రమాణము వచ్చినది 1995 లో. దూరదృష్టి గల యజమానులు ముందుగనే ఆ తీగను గోడలలో వేయించియుండిరి గనుక, వేగము వచ్చినప్పుడు తీగ సిద్ధముగా నుండెను. లక్షణము ముందు నడచి లక్ష్యమునకు దారి చూపెను. అంతటితో నాగలేదు. 1999 లో సెకనుకు నూరు కోట్ల బిట్ల ప్రమాణమును వ్రాయువారు మరల గోడలోని తీగనే దృష్టియం దుంచుకొనిరి. క్రొత్త తీగ వేయుడని లోకమును శాసించుటకు మారుగా, నాలుగు జంటలను వాడి, ఒక్కొక్క జంటలో ఇరుదిక్కులకును ఏకకాలమున మాటాడించి, జంట కొక్కంటికి ఇరువదియైదు కోట్ల బిట్లు పంచిరి. తాను పలికిన మాటయొక్క ప్రతిధ్వనిని తానే తీసివేసికొని అవతలివాని మాటను వినుట యంత్రము నేర్చెను. తీగ మారలేదు, తీగ చివరనున్న బుద్ధి పెరిగినది. ఆ పనికి పాత అయిదవ తరగతి తీగలను మరికొన్ని విషయములలో పరీక్షింపవలసి వచ్చినందున 5ఇ అను సవరించిన తరగతి యేర్పడెను.

తరువాతి చరిత్రను సంక్షేపముగా జెప్పెదను. 2002 లో ఆరవ తరగతి వచ్చెను. దాని హద్దు 250 మెగాహెర్ట్‌జ్. 2006 లో సెకనుకు వేయి కోట్ల బిట్ల ప్రమాణము వచ్చెను. అంత వేగమున క్రొత్త చిక్కొకటి బయలుపడెను. తన తొడుగులోని జంటల రొదను యంత్రము లెక్కగట్టి తీసివేయగలదు. ప్రక్కన కట్టలో నున్న వేరొక తీగనుండి వచ్చు రొదను ఎట్లు లెక్కగట్టును? ఇంటిపోరు సర్దుకొనవచ్చునుగాని పొరుగుపోరు సర్దుట కష్టము. అందుచేత ఆరవ తరగతి తీగపై ఆ వేగము అయిదు పదుల మీటర్లకు మించి కొంచెము దూరమే నమ్మదగినదయ్యెను. 2008 లో 500 మెగాహెర్ట్‌జ్ వరకు నిలువగల 6ఏ తరగతి వచ్చి నూరు మీటర్ల దూరమును నిలిపెను. 2016 లో 2000 మెగాహెర్ట్‌జ్‌ల ఎనిమిదవ తరగతి వచ్చెనుగాని, దాని మేర ముప్పది మీటర్లే. అది పెద్ద యంత్రశాలలలోని వాడుకకు మాత్రమే.

ఈ తీగకు మరియొక భారమును గూడ పెట్టిరి. మాటతోపాటు ఆహారమును గూడ పంపుట. 2003 నాటి ప్రమాణము ఒక్కొక్క తీగ వెంట 15.4 వాట్ల విద్యుచ్ఛక్తి నంపుట కనుమతించెను. 2009 లో అది 30 వాట్లయ్యెను. 2018 లో 90 వాట్ల వరకు పెరిగెను. వీధి మొగను కాపలాకాయు కెమేరాలును, తీగ లేకుండ ఇంటర్నెట్ నిచ్చు వైఫై పెట్టెలును అనేకము ఈ విధముగనే శక్తిని పొందుచున్నవి. తీగలేని పద్ధతి వచ్చినది గదా, తీగ యెందులకని యడుగువారు ఆ పెట్టె వెనుక నేమి తగిలియున్నదో చూడవలయును. నూరు మీటర్లు దాటిన దూరములకు గాజుతీగయే శరణ్యమను మాట వాస్తవము. కాని గాజుతీగ యింతటి శక్తిని మోయజాలదు.

2015 లో మోటారు కార్ల కొరకును, 2019 లో కర్మాగారముల కొరకును ఒక్క జంటపై నడచు ఈథర్నెట్ ప్రమాణములు వచ్చినవి. 2019 నాటి దానిలో నొక విధము కోటి బిట్ల వేగముతో వేయి మీటర్లు పోగలదు. బెల్ 1881 లో చెప్పినది ఒక్క జంటయే గదా!

చరిత్ర యిట్లుండగా, దీనివలన మన మేమి గ్రహింపవలయును? తీగ గోడలోనికి పోయిన పిమ్మట దానిని చూచువారు లేరు. దాని గుణమంతయు వేసిన చేతిలో నున్నది. ఎనిమిది తీగలకును రంగు లేర్పరుపబడినవి: నీలము, నారింజ, ఆకుపచ్చ, గోధుమరంగు; వానికి జతగా తెల్లచార గలవి నాలుగు. కొనయందలి ఎనిమిది పిన్నులలో వీనిని వరుసగా జంటజంటగా పేర్చుట సుళువని తోచును. ప్రమాణ మట్లు చెప్పదు. నాల్గవ, అయిదవ పిన్నులలో నీలపు జంట యుండవలయును. ఏలయన పూర్వపు టెలిఫోను జంట నడుమ నుండెడిది. దానికి ఇరుప్రక్కల మూడవ, ఆరవ పిన్నులను వేరొక జంట యాక్రమింపవలయును. ఏ, బి అని రెండు వరుసలు వాడుకలో నున్నవి; వానికి భేదము నారింజ, ఆకుపచ్చ జంటల స్థానములే. రెండు కొనలను ఒకే వరుస నుంచినచో రెండును సమ్మతములే.

ఈ నియమము నెరుగక కొన్ని చోట్ల వరుసగా పేర్చుదురు. అప్పు డేమగును? ఈ కొననుండి ఆ కొనకు ఎనిమిది తీగలును చక్కగనే చేరును. చవుక పరీక్షయంత్రముపై ఎనిమిది దీపములును వెలుగును. పనివాడు కూలి పుచ్చుకొని పోవును. కాని మూడవ, ఆరవ పిన్నులలో నున్న రెండు తీగలును ఒక జంటవి కావు. ఒకటి యొక పురిలోనిది, రెండవది మరియొక పురిలోనిది. పురివలన గలుగు రక్షణ యంతయు పోయినది. తీగ మెల్లగా నడచినప్పుడు దోషము తెలియదు; వేగము పెరిగిననాడు మాటలు చెడును. యజమాని యంత్రమును నిందించును, కంపెనీని నిందించును. గోడను మాత్రము అనుమానింపడు. ఆసుపత్రిలో రోగి పరీక్షాఫలితము వైద్యునికి సకాలమున నందకపోవుటకు గోడలోని యీ చిన్న యపచారము కారణము కావచ్చును.

మరియొక విధి. కొనయందు తీగలను తగిలించుటకు పురి విప్పక తప్పదు. ఎంత విప్పవచ్చును? 13 మిల్లీమీటర్లు, అనగా అరయంగుళము. అంతకు మించరాదు. నూరు మీటర్ల తీగలో అరయంగుళముతో నేమగునని తోచును. కాని విప్పినంతమేర ఆ జంట రక్షణ లేనిదే. తీగను వంచుటకును హద్దు కలదు, లాగుటకును హద్దు కలదు. బలముగా లాగినచో లోపలి పురి సాగి కొలత తప్పును.

చివర నొక హెచ్చరిక. బజారులో అయిదవ తరగతి, ఆరవ తరగతి యని పైన అచ్చువేసిన తీగ లనేకము చవుకగా దొరకుచున్నవి. వానిలో కొన్ని లోపల అల్యూమినియమై, పైన రాగిపూత గలవి. ప్రమాణములు రాగినే విధించినవి. అల్యూమినియము విద్యుత్తును రాగి మోసినట్లు మోయదు. దాని శక్తి రాగిశక్తిలో నూటికి అరువది పాళ్లు మాత్రమే. వంచగా వంచగా విరుగును. విద్యుచ్ఛక్తిని గూడ దాని వెంట పంపినచో వేడెక్కును. తీగ కొనను చాకుతో గీరి చూచినచో రహస్యము బయటపడును: రాగియైన లోపలను ఎర్రగనే యుండును, పూతయైన తెల్లగా కనబడును. బడికిగాని, ఆసుపత్రికిగాని, పంచాయతీ కార్యాలయమునకుగాని తీగ కొను బాధ్యత యెవరికి కలదో వారు ఈ చిన్న పరీక్ష చేయుట ధర్మము. ఆ తీగ పదునైదు, ఇరువది యేండ్లు గోడలో నుండవలసినది. నేడు పది రూపాయలు మిగిల్చినవాడు రేపు గోడను పగులగొట్టవలసి వచ్చును.

పురిని ఫారడే, బెల్ మొదలగువారు మనకిచ్చిరి. ప్రమాణమును పేరు తెలియని వందలకొలది ఇంజనీర్లు, ఒకరితో నొకరు పోటీపడు కంపెనీలవారైయుండియు, ఒక బల్ల చుట్టు కూర్చుండి, వాదించి, రాజీపడి, వ్రాసి యిచ్చిరి. అందుచేతనే నేడు ఒక దేశములో చేసిన తీగ మరియొక దేశములో చేసిన యంత్రమునకు, వేరొక దేశపు గోడలో, మారుమాట లేకుండ తగులుకొనుచున్నది. వారి మాట నిలుచుట మాత్రము, నిచ్చెనపై నిలిచి తీగ కొన పట్టుకొన్న పనివాడు ఆ యరయంగుళపు హద్దును పాటించుటపై నాధారపడియున్నది. అతనికి ఆ హద్దెందుకు పెట్టబడినదో చెప్పి చేయించుట మన వంతు.